జేన్ రిమూవర్ పాత దారికి తిరిగి రాలేదు

సంపాదకులకు నమస్కారాలు.

అమెరికన్ యువ కళాకారిణి జేన్ రిమూవర్ చేసిన ‘రివెంజ్‌సీకర్జ్’ ఆల్బమ్ మీద మీ సంగీత పుటలో వచ్చిన సమీక్షను రెండుసార్లు చదివాను. తెలుగు పాఠకులకు అంతగా పరిచయం లేని ఇటువంటి సంగీతానికి మీరు అంత చోటు ఇచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే ఆ సమీక్ష మొత్తం ఒకే అభిప్రాయం మీద నిలబడి ఉంది. హైపర్‌పాప్ అనే కంప్యూటర్ పాప్ శైలితో మొదలైన జేన్, నడుమ గిటార్ సంగీతం వైపు దారి తప్పి, ఈ ఆల్బమ్‌తో మళ్ళీ సొంత గూటికి చేరుకున్నారని సమీక్షకులు తేల్చారు. ఈ సంగీతాన్ని 2021 నుంచీ శ్రద్ధగా వింటున్న శ్రోతగా, ఆ అభిప్రాయం సరికాదని, అది ఒక మంచి ఆల్బమ్‌ను చిన్నబుచ్చుతోందని మనవి చేసుకోవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఆ ‘గూడు’ సంగతి చూడాలి. 2013లో లండన్‌లో ఏ. జి. కుక్ స్థాపించిన పీసీ మ్యూజిక్ అనే రికార్డు సంస్థ చుట్టూ ఒక ధ్వని రూపుదిద్దుకుంది. పాప్ పాటలో ఉండే తీపినీ మెరుపునీ హద్దు దాటే దాకా పెంచి, వినేవారిని ఒకేసారి ఆకర్షిస్తూ ఇబ్బంది పెట్టే తీరు అది. గ్లాస్గోకు చెందిన సోఫీ ఆ ధ్వనికి ప్రాణం పోశారు. ముందే రికార్డు చేసిన నమూనా శబ్దాలను అరువు తెచ్చుకోకుండా, రబ్బరు సాగినట్టు, లోహం మోగినట్టు, బుడగ పగిలినట్టు వినిపించే శబ్దాలను సింథసైజర్‌లో మొదటి నుంచి తయారుచేసుకున్న సోఫీ, 2021 జనవరిలో ఏథెన్స్‌లో జరిగిన ప్రమాదంలో 34 ఏళ్ళకే మరణించారు. 2019లో హండ్రెడ్ గెక్స్ అనే ఇద్దరి బృందం మొదటి ఆల్బమ్ రావడం, అదే ఏడాది ఆగస్టులో స్పాటిఫై ‘హైపర్‌పాప్’ పేరుతో ఒక ప్లేలిస్ట్ తెరవడం జరిగాక ఆ మాట అందరి నోటా పడింది. 2020లో కోవిడ్ కారణంగా బడులు మూతపడినప్పుడు పడకగదుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని పాటలు కట్టి సౌండ్‌క్లౌడ్‌లో పెట్టిన పదిహేను, పదహారేళ్ళ పిల్లలు ఆ ప్లేలిస్ట్‌లోకి వచ్చి చేరారు. వాళ్ళలో చాలామంది తమ సంగీతాన్ని డిజికోర్ అని పిలుచుకున్నారు. హైపర్‌పాప్ అనే పేరు వాళ్ళు కట్టుకున్న ఇల్లు కాదు. వాళ్ళ పాటల మీద వేరొకరు అతికించిన చీటీ అది. తాను కట్టని ఇంటికి ఒక కళాకారిణి తిరిగి వచ్చిందనడంలో మొదటి పొరపాటు ఇక్కడే ఉంది.

జేన్ 2003లో పుట్టారు, న్యూజెర్సీలో పెరిగారు. 2021 ఫిబ్రవరిలో ‘టీన్ వీక్’ అనే చిన్న ఆల్బమ్ వచ్చేనాటికి వయసు పదిహేడు. అదే ఏడాది లెరాయ్ అనే మరో పేరుతో ‘డారియాకోర్’ అనే ఒక చిత్రమైన సంకలనం చేశారు. అందరికీ తెలిసిన పాప్ పాటల ముక్కలను వేగం పెంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, కింద జెర్సీ క్లబ్ దరువు పరిచారు. జెర్సీ క్లబ్ అంటే న్యూజెర్సీలోని న్యూఆర్క్ నగరంలో, బాల్టిమోర్ క్లబ్ సంగీతం ప్రభావంతో పుట్టిన నృత్య సంగీతం. వేగంగా, తొట్రుపడుతున్నట్టు వినిపిస్తూనే తాళం తప్పని ఆ కిక్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) వరుస తెలిసినవాళ్ళకు మొదటి రెండు సెకన్లలోనే పట్టుబడుతుంది. ‘డారియాకోర్’ అన్న మాట ఆ తరువాత ఒక చిన్న సంగీత శైలికే పేరైంది. ఆ నవంబర్‌లోనే తొలి పూర్తి ఆల్బమ్ ‘ఫ్రెయిల్టీ’ వచ్చింది. ఆ ఆల్బమ్‌ను సమీక్షకులు మరోసారి వినాలని నా కోరిక. పాత వీడియో ఆటల శబ్దాలను పోలిన సన్నని బీప్‌లు, నృత్యశాలల సింథ్ (సింథసైజర్) మోత అందులో ఎంత ఉన్నాయో గిటార్ కూడా అంతే ఉంది. అంటే గిటార్ నడుమ వచ్చిన వ్యామోహం కాదు. ఆమె ‘హైపర్‌పాప్ పిల్ల’గా పేరు పడిన రోజుల్లోనే అది ఆమె చేతిలో ఉంది.

2023 అక్టోబర్‌లో వచ్చిన ‘సెన్సస్ డెజిగ్నేటెడ్’ను ‘దారి తప్పడం’ అన్న మాటకు నేను ఎక్కువగా బాధపడ్డాను. పది పాటలు, సుమారు గంట నిడివి. షూగేజ్ అని పిలిచే, గిటార్లను గోడలా పేర్చి గొంతును ఆ గోడ వెనక నిలబెట్టే పద్ధతిలో, చాలా నెమ్మదిగా సాగే ఆల్బమ్ అది. ఒక పాట నిశ్శబ్దానికి దగ్గరగా మొదలై, నాలుగైదు నిమిషాలు అలాగే నడిచి, వినేవాడి ఓపిక సన్నగిల్లే సమయానికి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. క్షణానికొక మలుపు తిప్పిన ‘డారియాకోర్’ చేసిన చేతులే ఇంత ఓర్పును నేర్చుకున్నాయంటే, అది కళాకారిణి ఎదుగుదలకు గుర్తు కాదా? ఆ పేరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. అమెరికా జనగణన శాఖ లెక్కల్లో ‘సెన్సస్ డెజిగ్నేటెడ్ ప్లేస్’ అంటే జనం ఉన్నా సొంత పురపాలన లేని చోటు. గణాంకాల సౌకర్యం కోసం జనగణన శాఖ దానికి ఒక పేరు పెట్టి, ఒక హద్దు గీస్తుంది. తన సంగీతానికి ఇతరులు గీసిన హద్దుల మధ్య బతుకుతున్న కళాకారిణికి అంతకంటే తగిన పేరు దొరకదని నాకు అనిపించింది. ఆమె ఉద్దేశం ఇదేనని చెప్పడం లేదు. వింటున్నప్పుడు నాకు తోచిన మాట ఇది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గిటార్ ఆల్బమ్ ఒక లోకం, కంప్యూటర్ ఆల్బమ్ మరో లోకం అని సమీక్షకులు అనుకోవడం వల్లనే ‘వెళ్ళడం’, ‘తిరిగి రావడం’ అన్న మాటలు వచ్చాయి. శబ్దం తయారయ్యే తీరును చూస్తే ఆ రెండూ ఒకటే లోకం. సీడీ ప్రమాణంలో ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు, ప్రతి కొలతనూ 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు మీద ఉంచుతారు. ఆఖరి మెట్టును దాటిన శబ్దానికి ఎక్కడా చోటు ఉండదు. కాబట్టి తరంగం శిఖరం కత్తితో కోసినట్టు చదునవుతుంది. గుండ్రని తరంగం అలా చదునైనప్పుడు మూలంలో లేని అతిస్వరాలు, అంటే అసలు స్వరం కంటే పైన ఉండే అదనపు స్వరాలు, పుట్టుకొస్తాయి. మన చెవి వాటినే గరుకుదనంగా, బుసగా, పగులుగా గుర్తిస్తుంది. గిటార్ ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి నడిపినప్పుడు జరిగేదీ ఇదే. వాల్వులతో నడిచే పాత ఆంప్లిఫయర్ శిఖరాన్ని మెల్లగా గుండ్రం చేస్తూ నలుపుతుంది, డిజిటల్ హద్దు నిర్దాక్షిణ్యంగా నరుకుతుంది. తేడా అంతవరకే. షూగేజ్ గిటార్ గోడ నుంచి, హైపర్‌పాప్‌లో చెవులు చిల్లులు పడేలా మోగే బాస్ దాకా, పరికరాన్ని దాని హద్దుకు మించి తోసి, ఆ పగులులోంచి కొత్త రంగును తీయడమే ఈ సంగీతకారుల పని. జేన్ మూడు ఆల్బమ్‌లలోనూ చేసిన పని ఇది. 2021లో సింథ్‌నూ గిటార్‌నూ కలిపి పగలగొట్టారు, 2023లో గిటార్‌ను పగలగొట్టారు, 2025లో దాదాపు చేతికి అందిన ప్రతి శబ్దాన్నీ పగలగొట్టారు.

సంగీతం నేర్చుకునే పిల్లలకు శబ్దం పగలకూడదనే మొదట చెబుతారు. మైకు దగ్గర నిలబడే దూరం, మిక్సర్‌లో ఎర్రదీపం వెలగకుండా చూసుకోవడం మొదటి పాఠాలు. ఆ పాఠాలు నేర్చి, తెలిసి తెలిసి వాటిని దాటేవాళ్ళకూ, తెలియక దాటేవాళ్ళకూ తేడా ఉంది. ‘రివెంజ్‌సీకర్జ్’లో ఆ తెలివిడి స్పష్టంగా వినిపిస్తుంది. అంత మోతలోనూ దరువు ఎక్కడ పడుతోందో మనకు తెలుస్తూనే ఉంటుంది. మోత ఒక్కసారి తెగి, గొంతు ఒంటరిగా మిగిలే చోట్లు ఎక్కడబడితే అక్కడ రావు.

‘రివెంజ్‌సీకర్జ్’ 2025 ఏప్రిల్ 4న వచ్చింది. అందులో పన్నెండు పాటలు ఉన్నాయి. రేజ్ అనే దూకుడు ర్యాప్ శైలిలోని రంపపు కోత వంటి సింథ్‌లు, నృత్య సంగీతంలో ఉత్కంఠను పెంచి ఒక్కసారిగా వదిలే ఘట్టాలు, అరుపుకూ పాటకూ మధ్య ఊగిసలాడే గొంతు ఇందులో ఉన్నాయి. పైపైన వింటే 2021 నాటి జేన్ మళ్ళీ కనిపించారని అనిపించడం సహజం. సమీక్షకులను నేను తప్పుపట్టేది అక్కడ కాదు, అక్కడే ఆగిపోయినందుకు. ఈ పాటల కట్టుబడిని చూడండి. ‘డారియాకోర్’లో మలుపులు నిలకడ లేకపోవడం వల్ల వచ్చేవి, ఆ వయసుకు అదే అందం. ఈ ఆల్బమ్‌లో ఒక ఊపును పట్టుకుని దాన్ని వదలకుండా, దాని మీద పొర తరువాత పొర వేసుకుంటూ వెళ్ళే ఓర్పు ఉంది. ఆ ఓర్పు ఎక్కడి నుంచి వచ్చింది? సమీక్షకులు ‘దారి తప్పడం’ అన్న ఆ గంట నిడివి గిటార్ ఆల్బమ్ నుంచే వచ్చింది. ‘డ్యాన్సింగ్ విత్ యువర్ ఐస్ క్లోజ్డ్’ పాటను ‘సెన్సస్ డెజిగ్నేటెడ్’ విన్న వెంటనే వింటే ఈ మాట నేను ఊహించి చెప్పడం లేదని తెలుస్తుంది.

ఇంకొక రుజువు ఉంది. అది నా చెవి మీద కాదు, తేదీల మీద ఆధారపడింది. ‘రివెంజ్‌సీకర్జ్’ కంటే సరిగ్గా ఏడు వారాల ముందు, 2025 ఫిబ్రవరి 14న, జేన్ వెంచరింగ్ అనే పేరుతో ‘గోస్ట్‌హోల్డింగ్’ అనే మరో ఆల్బమ్ విడుదల చేశారు. అది మొదటి నుంచి చివరి దాకా గిటార్ సంగీతం. 1990ల నాటి ఒక కల్పిత రాక్ బృందం పాడినట్టుగా ఊహించుకుని కట్టిన పాటలు. గిటార్‌ను వదిలి గూటికి చేరుకున్న మనిషి అదే ఏడాది గిటార్ ఆల్బమ్ ఎందుకు విడుదల చేస్తుంది? అంతకుముందు ఏడాది, 2024లో వచ్చిన ‘మ్యాజిక్ ఐ వాంట్ యు’, ‘ఫ్లాష్ ఇన్ ద ప్యాన్’ వంటి విడి పాటలైతే ఈ రెండు వైపులకూ చెందవు. అవి ఇంకా మెత్తటి, ఆర్ అండ్ బీ వాసన ఉన్న పాప్ పాటలు. ఆమె వాటిని ఈ ఆల్బమ్‌లో చేర్చలేదు కూడా. ఒకే మనిషి ఒకే కాలంలో మూడు నాలుగు ధ్వనులను వేర్వేరు పేర్లతో, వేర్వేరు గదుల్లో పెంచుతున్నప్పుడు, ముందుకు వెనక్కు సాగే ఒకే దారి మీద ఆమెను ఊహించడం కుదరదు. మీ సమీక్షలో వెంచరింగ్ ప్రస్తావన ఒక్క వాక్యంలో కూడా లేకపోవడం నాకు నిజంగా వెలితి అనిపించింది.

గొంతు విషయంలో సమీక్షకులు వెలిబుచ్చిన అసంతృప్తి గురించి కూడా రాయాలి. యంత్రం సరిదిద్దిన గొంతులో భావం ఉండదన్నది వారి వాదన. ఆ యంత్రం, అంటే ఆటోట్యూన్, 1997లో వచ్చింది. అంతకుముందు చమురు అన్వేషణ కోసం భూమి లోపలి ప్రకంపనల సంకేతాలను విశ్లేషించే పని చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ దాన్ని తయారుచేశారు. శ్రుతి తప్పిన స్వరాన్ని ఎవరికీ తెలియకుండా సరిచేయడం దాని ఉద్దేశం. ఆ సవరణ వేగాన్ని చివరి దాకా పెంచితే గొంతు ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారకుండా మెట్టు మెట్టుగా దూకుతుంది. 1998లో అమెరికన్ గాయని షెర్ పాడిన ‘బిలీవ్’తో ప్రపంచం మొదటిసారి గమనించిన శబ్దం అదే. హైపర్‌పాప్ పిల్లలు ఈ పరికరాన్ని లోపం దాచుకోవడానికి వాడడం లేదు, ఎవరికీ కనిపించకుండా వాడడమూ లేదు. సొంత గొంతును తనకు కావలసిన వయసులోకి, తనకు కావలసిన ఆకారంలోకి మార్చుకునే స్వేచ్ఛ వాళ్ళకు అందులో దొరికింది. సోఫీ నుంచి హండ్రెడ్ గెక్స్‌లోని లారా లెస్ దాకా, జేన్ దాకా, ఈ సంగీతాన్ని మలచిన ట్రాన్స్ మహిళలకు ఆ స్వేచ్ఛ ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. ‘ఫ్రెయిల్టీ’లో జేన్ గొంతు సంగీతం వెనక దాక్కుంటుంది. ‘సెన్సస్ డెజిగ్నేటెడ్’లో ఆ గొంతు మొదటిసారి ముసుగు తీసి, కొన్ని చోట్ల గట్టిగా అరుస్తుంది. ‘రివెంజ్‌సీకర్జ్’లో ఆటోట్యూన్ మళ్ళీ వచ్చినా, దాని అడుగున ఉన్నది 2023లో అరవడం నేర్చుకున్న గొంతే. అరుపును శ్రుతి మెట్ల మీదికి బలవంతంగా ఎక్కించినప్పుడు వచ్చే ఆ పెనుగులాటలో నాకు భావం తక్కువగా కనిపించలేదు.

ఈ ఆల్బమ్‌లో లోపాలు లేవని కాదు. రెండో సగంలో రెండు మూడు పాటలు ఒకే ఎత్తులో మోగుతూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సాహిత్యం చాలా చోట్ల మోతలో మునిగిపోయి, పాఠం ముందు పెట్టుకుంటే తప్ప అందదు. ప్రతిదీ బిగ్గరగా ఉన్నప్పుడు బిగ్గరదనానికి విలువ పోతుందన్న సమీక్షకుల మాటలో నిజం ఉంది, ఆ మాటను నేను గౌరవిస్తాను. ‘సెన్సస్ డెజిగ్నేటెడ్’లో ఉన్న నిశ్శబ్దపు విరామాల్లో సగమైనా ఇందులో ఉంటే బాగుండేదని నేనూ అనుకున్నాను. కానీ ఇది గూటికి చేరిన మనిషి చేసే తప్పు కాదు. చాలా నేర్చుకుని, అదంతా ఒకేసారి చెప్పాలన్న ఆత్రంలో ఉన్న ఇరవై ఒక్కేళ్ళ మనిషి చేసే తప్పు. ఈ రెండు తప్పులను వేర్వేరుగా చూడడం విమర్శకుని పని అని నా నమ్మకం.

జేన్ ఒక్కరి కథ కాదిది. లాక్‌డౌన్ రోజుల్లో నార్త్ కరోలినాలోని తన గదిలో పాటలు మొదలుపెట్టిన గ్లేవ్ అనే యువ గాయకుడు, 2023లో తొలి ఆల్బమ్ నాటికి గిటార్ వైపు జరిగారు. అండర్‌స్కోర్స్ అనే మరో కళాకారిణి అదే ఏడాది వాల్‌సాకెట్ అనే కల్పిత ఊరిని సృష్టించి, ఆ ఊరి మనుషుల కథలతో ఆల్బమ్ మొత్తం నడిపారు. పదిహేను, పదిహేడేళ్ళ వయసులో పేరు తెచ్చుకున్న పిల్లలు ఇరవై దాటాక అదే చోట నిలబడి ఉండాలని కోరుకోవడం అన్యాయం. వాళ్ళు కదిలినప్పుడల్లా ‘వదిలేశారు’, ‘తిరిగి వచ్చారు’ అని నమోదు చేయడం కూడా ఆ కోరికకు మరో రూపమే. పైగా ఈ కదలిక వాళ్ళ తరంలోనే ఆగిపోలేదు. 1981లో పుట్టిన డెట్రాయిట్ ర్యాపర్ డానీ బ్రౌన్ ‘రివెంజ్‌సీకర్జ్’లోని ‘సైకోబూస్ట్’ పాటలో గొంతు కలిపారు. 2025 నవంబర్‌లో ‘స్టార్‌డస్ట్’ పేరుతో ఆయన విడుదల చేసిన ఆల్బమ్‌లో జేన్, అండర్‌స్కోర్స్ వంటి యువ కళాకారులు తోడుగా నిలిచారు. నలభై దాటిన, పేరున్న కళాకారుడు కొత్త ధ్వని కోసం ఈ పిల్లల దగ్గరికి వచ్చాడంటే, వాళ్ళ దగ్గర నేర్చుకోదగినది ఏదో ఉందని ఆయన చెవికి తెలిసింది. మీ పాఠకులకు ఈ సంగతి చెప్పి ఉంటే సమీక్షకు ఎంతో బలం వచ్చేది.

ఆల్బమ్‌లోని ఆఖరి పాట పేరు ‘జేఆర్‌జేఆర్‌జేఆర్’. కళాకారిణి పేరులోని మొదటి అక్షరాలే మూడుసార్లు వరుసగా వస్తాయి. నిజానికి ఇది 2025 జనవరి 1న అన్నిటికంటే ముందుగా బయటికి వచ్చిన పాట. ముందు వినిపించిన దాన్ని చివర పెట్టిన ఈ అమరిక గురించి, ఒక్కో పేరుతో ఒక్కో ధ్వనిని కట్టుకున్న కళాకారిణి ఇక్కడ తన పేరునే దరువుగా మార్చుకోవడం గురించి మీ సమీక్షకులు ఏమంటారో తెలుసుకోవాలని నాకు ఆసక్తిగా ఉంది. వీలైతే ‘గోస్ట్‌హోల్డింగ్’నూ ‘రివెంజ్‌సీకర్జ్’నూ పక్కపక్కన పెట్టి మరో వ్యాసం ప్రచురించమని కోరుతున్నాను. అది మొదటి సమీక్ష రాసినవారే రాస్తే నాకు మరింత సంతోషం.

భవదీయుడు,
ఒక పాఠకుడు